నూరేళ్ల గౌనుకు నూరేళ్లు నింపే చిట్కాలు

మా అన్నయ్య కూతురు లీడ్స్‌లో ఉంటుంది. మొన్న ఒక ఆదివారం పాతసామాన్ల సంతలో తెల్ల గౌను ఒకటి కొని, ఫొటోలు పంపి, "అత్తా, దీన్ని ఏం చేయమంటావు?" అని అడిగింది. అడిగితే సలహా ఇవ్వకుండా ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. అడగకపోయినా ఇస్తాం.

గౌను 1905 ప్రాంతంది. ఇంగ్లండును ఏడో ఎడ్వర్డు ఏలిన రోజులు. ఉల్లిపొరలాంటి నూలుబట్ట. రొమ్ము మీద బియ్యపుగింజ వెడల్పు మడతకుట్లు, వాటి మధ్య బట్ట తీసేసి ఆ చోట కూర్చిన సన్న లేసు పట్టీలు, పక్కన తెల్లదారంతో కుట్టిన తెల్లపూలు. వెనక మెడ నుంచి నడుము దాకా చిన్నచిన్న ఇనుప హుక్కులు. లోదుస్తులకు వాడే పల్చటి బట్టతో, లేసులతో కుట్టేవారు కాబట్టి అలాంటి గౌన్లకు 'లింజరీ డ్రెస్' అని పేరు. రెండు ప్రపంచయుద్ధాలు దాటినా ఇది చెక్కుచెదరలేదు. ఇంతవరకు మనలాంటివాళ్ల సేవ అందలేదు, అందుకే. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు.

1. ఇంటికి రాగానే నానబెట్టండి. దారం బలంగా ఉందా, ఎక్కడైనా చిరుగు ఉందా అని చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. బకెట్టులో వేడినీళ్లు, గుప్పెడు సబ్బుపొడి, రాత్రంతా నానబెట్టడం. తెల్లారేసరికి ప్రతి హుక్కు చుట్టూ తుప్పు రంగు బొట్టు తేలుతుంది. బొట్టు పెట్టడం శుభమే కదా.

2. పసుపుపచ్చగా మారితే బ్లీచింగ్ చేయండి. క్లోరిన్ బ్లీచు నూలుపోగును లోపలినుంచి తినేస్తుంది. ఆ రోజు మాత్రం గౌను మల్లెపువ్వులా మెరుస్తుంది. ఆ మెరుపు ఉండగానే ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత వేలు తగిలితే చాలు, పోగు పుటుక్కుమంటుంది.

తెలుపు నచ్చనివాళ్లకు ఇంకో దారి ఉంది. 'పాతకాలపు రంగు' కోసం టీ డికాక్షన్‌లో ముంచండి. నూట ఇరవై ఏళ్ల గౌనును పాతదిగా కనబరచడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

3. బాగా పిండి, దండేనికి వేలాడదీయండి. నీళ్లు పీల్చిన గౌను బరువంతా భుజాల దగ్గరి లేసు మోస్తుంది. అర అంగుళం వెడల్పు సాలెగూడు బిందెడు నీళ్లు మోయగలదా? ప్రయత్నిస్తేనే కదా తెలిసేది. ఎండ బాగా తగిలేలా చూడండి. ఇలాంటి బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుగు పడకూడదని మ్యూజియాలవాళ్లు గదులు చీకటి చేసుకుంటారు. వాళ్లకు కరెంటు బిల్లు భయం కాబోలు.

4. గంజి, ఇస్త్రీ మరవకండి. గంజి పెడితే గౌను నిటారుగా నిలబడుతుంది, పైగా వెండిరంగు పురుగులకు విందు. కొన్ని కుట్టుపూలు ఉబ్బెత్తుగా ఉంటాయి. లోపల దారం నింపి మరీ పైకి లేపుతారు. వాటిని బరువైన ఇస్త్రీపెట్టెతో అప్పడాల్లా అణిచేయండి. తువ్వాలు పరిచి, గౌను తిరగేసి, తక్కువ వేడితో చేయాలనే మాటలు వినకండి.

5. కలరా ఉండలూ కర్పూరమూ కలిపి వేయండి. ఒకదాని పని రెండు చేస్తాయి. ఆ రెండూ ఒకదానికొకటి తగిలితే విడివిడిగా కరగని వేడికే కలిసి కరుగుతాయి. మన రోహిణికార్తె చాలు, మడతల్లోకి జిడ్డులా దిగడానికి. ఆపైన లాండ్రీవాళ్ల ప్లాస్టిక్ కవరు తొడిగి, సన్నటి ఇనుప హ్యాంగర్‌కు తగిలించి, బీరువా తలుపు మూసేయండి. చెమ్మ బయటికి పోదు, గాలి లోపలికి రాదు.

6. పట్టుకైనా, తళుకులకైనా ఇదే వైద్యం. పట్టుపోగుకు ఉండే బంక తీసేస్తే బరువు తగ్గుతుందని ఆ రోజుల్లో అద్దకంవాళ్లు తగరపు లవణాలు పట్టించి తూకం పెంచేవారు. అలాంటి పట్టు ముట్టుకోకపోయినా మడతల వెంట చీలుతుంది. మీరు గట్టిగా మడతపెడితే ఇంకా త్వరగా. 1922లో టుటంఖామన్ సమాధి బయటపడ్డాక ఈజిప్టు బొమ్మల మోజుతో వచ్చిన తళుకుల గౌను ఏదైనా దొరికితే మరీ మంచిది. ఆ కాలపు తళుకుల్లో జెలటిన్‌తో చేసినవి ఉంటాయి. వేడినీళ్లలో వేస్తే జెల్లీలా కరిగిపోతాయి. చూడముచ్చటగా ఉంటుంది.

7. ఒక్కసారి వేసుకుని ఫొటో దిగండి. కార్సెట్ బిగించి తెచ్చిన నడుముకు కొలిచి కుట్టిన గౌను అది. భోజనం చేసి వచ్చి తొడగండి. ఊపిరి బిగబట్టి చెల్లెలిచేత హుక్కులు పెట్టించుకోండి. గాజులు, రాళ్ల ఉంగరం తీయకండి. లేసు కన్నాల్లో అవి చిక్కుకోకపోతే పండగేముంది? ముందుగా చంకల దగ్గర చిరుగుతుంది, తర్వాత వీపున.

8. చిరిగిందంటే కత్తెర పట్టండి. పనికొచ్చే లేసంతా కోసి జాకెట్టు చేతులకు వేయించుకోండి. చేత్తో అల్లినదా, మిషన్‌దా అని చూడక్కర్లేదు. 1883 నుంచే స్విట్జర్లండులోని సెయింట్ గాలెన్‌లో కరిగిపోయే బట్ట మీద మిషన్‌తో కుట్టి, బట్టను రసాయనంతో కరిగించేసి, మిగిలిన దారాన్ని లేసుగా అమ్మారు. అది చరిత్ర. మీకు కావాల్సింది రెండు చేతులకు సరిపడా బోర్డరు.

9. బేరం దగ్గర మొహమాటం వద్దు. "ఊసుపోక అల్లిందేగా" అనండి. ఈ మాట ఏ దేశంలోనైనా చెల్లుతుంది. 1840ల్లో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు ఐర్లండు ఆడవాళ్లు క్రోషియా సూదితో గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, వలతో కలిపి, అమ్మి పిల్లలకు తిండి పెట్టారు. ఆ అల్లికే 1900 దాటాక షోకైన దొరసానులు తొడిగే కోటయింది. మన గోదావరి ఒడ్డున నరసాపురం చుట్టుపక్కల 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు కూడా ఇళ్లలో తయారై ఓడలెక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్లు తిరిగి 1982లో పుస్తకం వేసింది. ఇంటిచాకిరీతో పాటు గంటల తరబడి అల్లే మనిషిని 'ఖాళీగా ఉన్న గృహిణి' అని రాసుకోవడంతోనే కూలి అంత అడుగున ఉండిపోయిందని తేల్చింది. మీరూ అదే లెక్క వేయండి. దారం ఖరీదు ఇవ్వండి, చేతి ఖరీదు ఎగ్గొట్టండి.

ఇవన్నీ రాసి పంపాను. రెండు నిమిషాల్లో ఫోను మోగింది. "అత్తా, నువ్వు చెప్పినవన్నీ మానేస్తే సరిపోతుందా?"

సరిపోతుంది. చేతులు కడుక్కుని, ఉంగరాలు తీసి, చదునుగా పరచాలి. యాసిడ్ లేని టిష్యూ కాగితం ఉండలు చుట్టి మడతల్లో పెట్టాలి, అప్పుడప్పుడు మడత చోటు మార్చాలి. యాసిడ్ లేని అట్టపెట్టెలో, చీకటిగా, పొడిగా ఉన్న చోట ఉంచాలి. ఉతకాలా వద్దా అన్నది తెలిసినవాళ్లకు చూపించి అడగాలి.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ లీడ్స్ గౌను కుట్టినవారి పేరు ఇక ఎవరికీ తెలియదు. మీ ట్రంకుపెట్టెలో అమ్మమ్మ అల్లిన లేసు ముక్క ఉంటే ఆమె పేరు, ఊరు పెన్సిల్‌తో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. గుండుసూదితో మాత్రం గుచ్చకండి.