కొత్త గుడ్డ కొనకండి: క్రిస్మస్ బొంతకి తలకిందుల సలహాలు

ఈ క్రిస్మస్‌కి నలుగురు కూర్చుని బొంత కుట్టాలనుకుంటున్నారా? అయితే బట్టల కొట్టు వైపు వెళ్లకండి. ఎర్రది మూడు మీటర్లు, ఆకుపచ్చది మూడు మీటర్లు కొని, ఇంటికి తెచ్చి ముక్కలు చేసి, మళ్లీ ఆ ముక్కలే అతకడం దేనికి? కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, సూది తేలిగ్గా దిగదు. మొదటి ఉతుక్కి ముడుచుకుంటుంది, ఎరుపు దిగి పక్కనున్న తెలుపుకి అంటుకుంటుంది. మీ బీరువా అడుగున ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, ఎండేసిన నూలు చీర ఒకటి ఉండే ఉంటుంది. కట్టుకోలేరు, పారేయలేరు. దాన్ని తీయండి.

ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో, రాజ్‌కిశోర్ నగర్‌లోని మా తెలుగు ఇళ్లలో అలాంటి బట్టకి కొదవ లేదు. బిలాస్‌పూర్‌కి మనవాళ్లు వచ్చిందే రైలు వెంట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891కల్లా నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా లైను పడింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు దారి ఇంకా దగ్గరైంది. 2003లో ఇక్కడ రైల్వే జోన్ కేంద్రం పెట్టేనాటికి ఎన్నో కుటుంబాలు తాతల నాటి నుంచి ఇక్కడివే. సముద్రపు గాలికి ఒక దుప్పటితో పడుకునే అలవాటున్నవాళ్లకి ఈ ఊరి డిసెంబరు రాత్రులు కొత్త. అప్పుడు చేతికందినవి పాత చీరలు, పాత పంచెలు, డ్యూటీ బట్టలు. గార్డు అన్న పేరుని 2022లో ట్రైన్ మేనేజర్‌గా మార్చారు గానీ, బొంతలోకి వచ్చేసరికి అది ఇప్పటికీ గార్డుగారి తెల్ల చొక్కానే. ఆ తెలుపు పక్కన అమ్మమ్మ ముదురాకుపచ్చ నేత చీర ముక్క పడితే చాలు, పండగ రంగులకి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

"పండగ పూట పాత గుడ్డలేంటి వదినా?" అని ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. లూకా సువార్తలో పసిబిడ్డ యేసుని చుట్టింది పొత్తిగుడ్డలతో. మన ఇళ్లలో పురిటి బిడ్డకి పొత్తిగుడ్డ ఎక్కణ్నుంచి వస్తుంది? తల్లి పాత వాయిల్ చీర చింపి, మరిగే నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేస్తేనే వస్తుంది. కొత్త గుడ్డ ఆ చర్మానికి గరుకని ప్రతి అమ్మమ్మకీ తెలుసు. పండక్కి పెట్టే పశువుల పాకలో బొమ్మ కింద మెరుపుల శాటిన్ గుడ్డ పరిచే బదులు ఆ మెత్తని పాత గుడ్డే పరవండి. వరికోతలు అయిన కాలం కాబట్టి దాని కిందకి గడ్డి కూడా కొత్తదే దొరుకుతుంది.

ఇక కొలతలు. వేయకండి. కాగితం మీద డిజైన్ గీయకండి, ముక్కలన్నీ ఒకే చదరంగా కత్తిరించకండి. ఇలా కొలత లేకుండానే కుట్టేవాళ్లున్నారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా, యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో సిద్దీలు ఉంటారు. ఆఫ్రికా నుంచి పోర్చుగీసువాళ్లూ ఇతరులూ తీసుకొచ్చినవాళ్ల సంతతి. వాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ఆ ఆడవాళ్లు కుట్టే బొంతని కవంది అంటారు. కింద ఒక పాత చీర పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, దొరికిన ముక్కని దొరికినట్టు అంచు మడిచి పెడుతూ, అంచుల వెంబడే చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వస్తారు. మధ్యలో ఏం వస్తుందో అక్కడికి చేరాకే తెలుస్తుంది. చివర నాలుగు మూలలకీ గుడ్డ మడతపెట్టి పువ్వులు కుడతారు. పువ్వు లేని కవంది వాళ్ల లెక్కలో పూర్తయినట్టు కాదు. గుంపుగా కుట్టడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనపడలేదు. నలుగురు నాలుగు వైపులా కూర్చోండి. ఎవరి అంచు వాళ్లు పట్టుకోండి. వరసకీ వరసకీ మధ్య వేలెడు దూరం ఉంచి టాకాలు వేసుకుంటూ లోపలికి రండి. వారం గడిచేసరికి మోకాళ్లు మోకాళ్లు తగిలేంత దగ్గరికి వస్తారు. మాటలు కూడా అప్పుడే అసలు చోటికి వస్తాయి.

కుట్టు బాగా వచ్చినవాళ్లలో ఒక్కరినే పిలవండి. మిగతావాళ్లు రానివాళ్లై ఉండాలి. అందరూ చెయ్యి తిరిగినవాళ్లయితే తలలు వంచుకుని పని ముగించి వెళ్లిపోతారు. రానివాళ్లుంటే అడగాలి, చూపించాలి, సూదిలో దారం ఎక్కించిపెట్టాలి. ఎదురింటి బెంగాలీ బౌదికి కాంథా కుట్టుపని తెలిసి ఉండవచ్చు, పక్క వీధి ఛత్తీస్‌గఢీ అత్త ఇంట్లో కథరీ బొంత కుట్టే ఉంటారు. చర్చికి వస్తారా రారా అని చూడకండి, పిలవండి. మగవాళ్లనీ కూర్చోబెట్టండి. యూనిఫాం బొత్తాలు తామే కుట్టుకుని సర్వీసంతా గడిపినవాళ్లు చాలామంది, సూది వాళ్లకి కొత్త కాదు.

ఎవరి కుట్టూ విప్పకండి. ఒకరిది వడ్లగింజంత, ఒకరిది వేలెడంత వస్తుంది. పక్కకి పోతుంది. పోనివ్వండి. పదేళ్ల తర్వాత ఆ వంకర కుట్టు చూసే "ఇది ఫలానా పిన్ని వేసింది" అని పిల్లలు గుర్తుపడతారు. నేను పట్టు పట్టేది ఒక్క ముడి విషయంలోనే. దారం మొదట్లో, చివర్లో ముడి గట్టిగా ఉండాలి, అది రెండు పొరల మధ్యకి పోవాలి. ముడి ఊడిన బొంత రెండు ఉతుకులకి విడిపోతుంది.

దీపం పెట్టే స్టార్‌ని కూడా గుడ్డతోనే చేయమంటాను. కాగితమే కదా కట్టాలి అంటారు. కట్టి చూడండి, ఇక్కడి తెల్లవారుజాము మంచుకి వారంలో సాగిపోయి వేలాడుతుంది. వెదురు బద్దలు పొడుగువి పది, పొట్టివి ఐదు తీసుకోండి. ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ బిగించండి. లోపలి ఐదు కూడళ్లలో పొట్టి బద్దలు నిలబెడితే రెండూ ఎడంగా ఉబ్బి లాంతరులా అవుతుంది. పలచటి పాత చీర గుడ్డని గంజిలో ముంచి, తడి మీదే లాగి అంటించండి. ఆరాక డోలు తోలంత బిగుసుకుంటుంది. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, అదీ గుడ్డకి తగలకుండా. వేడెక్కే పాతరకం బల్బు వద్దు, కొవ్వొత్తి అసలు వద్దు. చీర అంచులోని మామిడి పిందెలు వెలుతురులో గోడ మీద పడతాయి. ఏ కొట్టులోనూ అలాంటి స్టార్ దొరకదు.

గుమ్మానికి ప్లాస్టిక్ ఆకుల దండ వద్దు. నిలవని వస్తువు కట్టండి, వరికంకుల కుచ్చు. ఆంధ్రలో పిచ్చుకల కోసం చూరుకి కట్టేవాళ్లు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దీపావళికి వరికంకులతోనే జాలరు అల్లి గుమ్మానికి వేలాడదీస్తారు. రెండూ ఒకటే పని, మనకి రెండు వైపులా చుట్టరికమే. కంకుల్ని కాస్త పచ్చిగా ఉండగానే అల్లాలి, ఎండితే కాడ విరుగుతుంది. ఎండినవే దొరికితే కాడల్ని కాసేపు నీళ్లలో నానబెట్టండి. నాలుగేసి కాడలు జడలా అల్లుతూ ప్రతి మడతకీ కొత్త కాడ కలుపుతూ పోతే కంకులన్నీ ఒకవైపు కిందకి దిగుతాయి. పైన ఎర్ర గుడ్డ పేలికతో కట్టండి. పిట్టలు వచ్చి తింటాయి, గుమ్మం ముందు పొట్టు రాలుతుంది. ఊడ్చుకోండి. పండగనాటికి సగం ఖాళీ అయితే అది బాగా చేసినట్టు. క్రిస్మస్ చెట్టు మీద దూది చల్లి మంచు అనకండి, ఆ దూది చలికి వణికేవాళ్ల దిండులోకి పోవాలి.

ఒకటి మాత్రం కొనొచ్చు, నర్సాపురం లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు పశ్చిమ గోదావరి ఆడవాళ్లకి నేర్పిన పని అది. అక్కణ్నుంచి ఎవరైనా తెస్తుంటే బొంత మూలలకి నాలుగు పువ్వులు తెప్పించుకోండి, బేరం ఆడకండి. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ లేసు పనివాళ్ల మీద 1982లో ఒక పుస్తకం వేశారు. ఇంటి పనితో పాటు గంటల తరబడి అల్లినా, అది తీరిక వేళ చేసే పని అని పేరుపెట్టి వాళ్లకి ఎంత తక్కువ ముట్టజెప్పేవారో అందులో వివరంగా ఉంది. చేతిపని విలువ తెలిసిన మనమే రూపాయి తగ్గించమని అడిగితే ఇంకెవరిస్తారు?

డిసెంబరు 25కి పూర్తి చేయాలని రాత్రుళ్లు కూర్చోకండి. స్టార్ చాలు ఆ రోజుకి, కుచ్చు చాలు. బొంత జనవరిలోకి సాగనివ్వండి, ఇక్కడి చలి అప్పటికీ పోదు. ఇంట్లో అరిసెలూ కజ్జికాయలూ ఉన్న రోజులు కాబట్టి ఒక్క జాగ్రత్త: సూది పక్కన పెట్టి, చేతులు కడుక్కుని తినండి, నెయ్యి మరక నూలుకి పడితే తేలిగ్గా వదలదు.

పూర్తయ్యాక గోడకి వేలాడదీయకండి. అమెరికాలో అలబామాలోని జీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి ఆడవాళ్లు పొలం పని బట్టలతో కుట్టిన బొంతలు 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియాల గోడలెక్కాయి, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. ఆ గౌరవం వాళ్లకి దక్కాల్సిందే. కానీ ఆ బొంతలు పుట్టింది చలిరాత్రి పిల్లలకి కప్పడానికి. మీది కూడా ఎవరో ఒకరు కప్పుకోవాలి. ఎవరికివ్వాలో చీటీలు వేయకండి. పేరు తెలియని పేదలకని సంచిలో కట్టి పంపకండి. మీకు పేరు తెలిసిన మనిషికి ఇవ్వండి: వీధి చివర రాత్రి కాపలా కాసే ఆయనకి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దాయనకి, ఆ ఏడు పుట్టిన బిడ్డకి. ముందు మీరు ఒక రాత్రి కప్పుకుని పడుకుని చూడండి. మీకు వెచ్చగా లేకపోతే ఇంకో పొర వేయాలి.

ఇచ్చేముందు ఉతికి, ఎండలో రెండు వైపులా తిప్పి ఆరేయండి. అంతకన్నా ముందు, కూర్చున్న ప్రతిరోజూ లేచే వేళకి సూదులు లెక్కపెట్టండి. ఎన్ని తీశారో అన్నీ సూదుల దిండులో గుచ్చి ఉండాలి. ఒకటి తగ్గినా అయస్కాంతం పెట్టి బొంతంతా వెతకండి, దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు.