విభక్తి ఉండగా ప్రిపొజిషన్ దండగ

ఇంగ్లిషులో ఏ మాటకి ఏ ప్రిపొజిషన్ అతుకుతుందో తెలియక నాలుక కరుచుకునేవారి కోసం ఈ చిట్కాలు. కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. చిన్నప్పుడు బెత్తం దెబ్బలు తిని వల్లించిన డు, ము, వు, లు పట్టిక గుర్తుంటే చాలు. ఒక్కో విభక్తికీ ఒక్కో ఇంగ్లిషు మాటని ముడిపెట్టండి. ప్రాణం పోయినా ఆ ముడి విప్పకండి.

1. 'తో' అంటే 'విత్'
జ్వరంతో బాధపడుతున్నాం కాబట్టి 'సఫరింగ్ విత్ ఫీవర్'. చెల్లి పెళ్ళి డాక్టరుతో అయింది కాబట్టి 'మ్యారీడ్ విత్ ఎ డాక్టర్'. ఇంగ్లిషువాడు మొదటి చోట 'ఫ్రమ్', రెండో చోట 'టు' అంటాడు. వాడి ఖర్మ. "మనమూ పిల్లని డాక్టరుకిచ్చి చేశామంటాం కదరా, ఆ 'కి' ఏ 'టు'కి తీసిపోయింది?" అని మా అత్తయ్య అడ్డుపడింది. ఇలాంటివాళ్ళని దగ్గరికి రానివ్వకండి.

2. 'గురించి' అంటే 'అబౌట్'
సమస్య గురించి చర్చిస్తాం కాబట్టి 'డిస్కస్ అబౌట్ ద ప్రాబ్లమ్'. 'డిస్కస్' కడుపులోనే ఆ 'గురించి' ఉంది, మళ్ళీ తగిలించనక్కర్లేదని కొందరంటారు. 'రిటర్న్' అంటేనే వెనక్కి రావడం, పక్కన 'బ్యాక్' ఎందుకని కూడా అంటారు. నట్టనడిమధ్య నిలబడి మాట్లాడే జాతికి ఒక మాట ఎక్కువైతే బరువా?

3. 'మీద' అంటే 'ఆన్', 'లో' అంటే 'ఇన్'
కోపం నా మీద కాబట్టి 'యాంగ్రీ ఆన్ మి'. ఇంగ్లిషువాడు ఇక్కడ 'విత్' అంటాడు. మనం పెట్టిన చోట వద్దన్న 'విత్'ని తెచ్చి ఇక్కడ పెడతాడన్నమాట. ఇక బస్సులో వెళ్తాం కాబట్టి 'ఇన్ ద బస్'. లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగిన బస్సు, రైలు, విమానమైతే 'ఆన్' అట. తల వంచి దూరాల్సిన కారు, ఆటో అయితే 'ఇన్' అట. పట్టించుకోకండి. 'ఆన్ ద బస్' అనే హక్కు సంక్రాంతికి సీటు దొరక్క టాపెక్కి ఊరెళ్ళేవాడికే ఉంది.

4. 'కంటె' అంటే 'దాన్'
'హి ఈజ్ సీనియర్ దాన్ మి'. 'ఐ ప్రిఫర్ కాఫీ దాన్ టీ'. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి వచ్చినవి, వాటి వెంట 'టు' రావాలని పండితులంటారు. 'ప్రిఫర్'దీ అదే దారట. లాటిన్‌వాళ్ళకి మనమేమైనా బాకీ ఉన్నామా?

5. 'నుంచి' అంటే 'సిన్స్'
2019 నుంచి అయినా, రెండేళ్ళ నుంచి అయినా 'సిన్స్' పెట్టేయండి. మొదలైన తేదీ చెబితే 'సిన్స్', గడిచిన కాలాన్ని కొలిచి చెబితే 'ఫర్' అనే తేడా, తీరిగ్గా కూర్చున్నవాళ్ళు కల్పించింది.

6. నుడికారాన్నీ వదలకండి
బయల్దేరేటప్పుడు 'పోతున్నా' అనకూడదు, 'వెళ్ళొస్తా' అనాలి. కాబట్టి క్లయింట్‌తో కాల్ ముగించేటప్పుడు 'ఐ విల్ గో అండ్ కమ్' అనండి. మీరొస్తారని ఆయన అరగంట లైన్లోనే కూర్చుంటే అది ఆయన మంచితనం. ఏదైనా అడగాలనుకుంటే 'ఐ హావ్ ఎ డౌట్' అనండి. మీకు అది సందేహం, ఆయనకి అది తన మీద మీకున్న అపనమ్మకం. ఇద్దరికీ చేతినిండా పని.

ఈ పద్ధతిలో నాకు దక్కిన ఫలితం ఒకటి చెబుతాను. ఒక ఇంటర్వ్యూలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014' అన్నాను. కంప్యూటర్ తెరమీద అమెరికా ఆవిడ కళ్ళద్దాలు తీసి, అయ్యో, ఎలా జరిగిందని అడిగింది. 'విత్ డిస్టింక్షన్' అన్నాను. ఇప్పుడు ఒంట్లో కులాసాయేనా అంది. 'పాస్డ్ అవుట్' అంటే అక్కడ స్పృహ తప్పడమని అర్థమట. ఉద్యోగం రాలేదు కానీ, నా ఆరోగ్యం గురించి అంతలా అడిగినవాళ్ళు మళ్ళీ తగల్లేదు.

చివరగా ఒక హెచ్చరిక. బళ్ళో మనందరిచేతా బట్టీ పట్టించిన లీవ్ లెటర్ ఒకటుంది: 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. అది మహా ప్రమాదకరమైనది. దాన్ని విభక్తి చూసి నేర్చుకోలేదు, మాటకి మాట విడగొట్టలేదు, ముద్దలా మింగేశాం. 'సఫరింగ్' అనగానే 'ఫ్రమ్' తనంతట తనే వచ్చి పక్కన కూర్చుంటుంది. 'మ్యారీడ్ టు', 'సీనియర్ టు', 'యాంగ్రీ విత్' కూడా ఇలా జంటలుగా నోటికెక్కాయంటే ఈ చిట్కాలకి గిరాకీ ఉండదు.

నిన్న నాకే ఒళ్ళు వెచ్చబడితే ఆఫీసుకి సెలవుచీటీ రాయబోయాను. నేను ఆలోచించేలోపే చెయ్యి 'ఫ్రమ్' అని రాసేసింది. కొట్టేసి 'విత్' అని దిద్దాను.