మేనేజరుగారి కోళ్ల పద్దు

బ్యాంకులో అప్పులిచ్చి రిటైరైనవాళ్లకు లోపల ఒక నమ్మకం ఉండిపోతుంది: ఆ వ్యాపారమేదో అప్పు తీసుకున్నవాడికంటే తామే బాగా చేయగలమని. మా కాలనీ మేనేజరుగారిది సరిగ్గా ఆ జాతి. సర్వీసులో సగం షాద్‌నగర్ చుట్టుపక్కల బ్రాంచీల్లోనే గడిచింది. ఎన్ని కోళ్లఫారాల కాగితాల మీద సంతకం పెట్టారో ఆయనకే గుర్తులేదు. తనిఖీకి వెళ్తే షెడ్డు గుమ్మంలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి, తలలు లెక్కపెట్టి వచ్చేసేవారట. కోడిని చేత్తో పట్టుకోవాల్సిన అవసరం మాత్రం ఉద్యోగంలో ఒక్కసారీ పడలేదు.

పెన్షన్ మొదలయ్యాక ఆయనకు ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది. "నలభై రోజుల్లో రెండు కిలోలు ఎలా తూగుతుందయ్యా కోడి? అంతా ఇంజక్షన్ల మహిమ!" అని పార్కులో నడిచేవాళ్లను ఆపి మరీ చెప్పేవారు. చివరికి మన కోడిని మనమే పెంచుకుందామని తీర్మానించి, మంచిరోజని చూసి ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు, దేవీ నవరాత్రుల మొదటి రోజున, పాతిక బ్రాయిలర్ పిల్లల్ని పెరట్లో దించారు.

ప్రాజెక్టు రిపోర్టు అప్పటికే తయారు. కోడికి మేత 3.5 కిలోలు, చేతికొచ్చే బరువు 2 కిలోలు, గడువు 42 రోజులు. చావుల కింద 5 శాతం వదిలారు. పాతికలో ఐదు శాతమంటే ఒకటింబావు కోడి. "ఆ పావు కోడి ఏ వైపుదండీ?" అని వాళ్లావిడ అడిగారు. ఆవిడను మేమంతా పిన్నిగారంటాం. మొదటి వారంలో రెండు పిల్లలు పోయాయి. మేనేజరుగారు పుస్తకం తీసి, "అంచనాకు మించిన నష్టం: ముప్పావు కోడి" అని రాసుకున్నారు.

ఊక పరిచి, అట్టలతో గుండ్రంగా దడి కట్టి, పైన బల్బులు వేలాడదీశారు. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలని అర్ధరాత్రి లేచి థర్మామీటరు చూసేవారు. పిన్నిగారు పల్లెలో కోళ్ల మధ్య పెరిగిన మనిషి. గడపలోంచే ఓ చూపు చూసి, "బల్బు కింద కుప్పపడ్డాయి, చలేస్తోంది, కిందికి దించండి" అనేవారు. పిల్లలు అంచులకు పోయి నోళ్లు తెరిస్తే "ఉడికిపోతున్నాయి, పైకెత్తండి" అనేవారు. థర్మామీటరు కూడా చివరికి అదే మాట చెప్పేది, కాస్త ఆలస్యంగా.

కొక్కెర తెగులుకు లాసోటా టీకా చుక్కలు వేయాల్సిన రోజు కాలనీ అంతా గుర్తుపెట్టుకుంది. ఆయనకు దొరికిన చిన్న సీసాలో నూరు డోసులున్నాయి. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయడమే. ఇరవై మూడు పిల్లల కళ్లల్లో చుక్కలేశాక మిగిలిన డెబ్బై ఏడు డోసులు ఆయన మనసును తొలిచేశాయి. సీసాను ఐసుముక్కల గ్లాసులో పెట్టుకుని ఇంటింటికీ తిరిగారు. "మీకేమైనా కోళ్లున్నాయా?" అపార్టుమెంటు మూడో అంతస్తులో కూడా అడిగారు. అడగడంలో తప్పులేదు లెండి.

ఐదో వారానికి అసలు చిక్కు మొదలైంది. పిల్లలు బలిశాయి. జామచెట్టు కింద తిరిగి చెదలు ఏరుకుంటాయని ఆయన కలగంటే, అవి మేతగిన్నె పక్కనే కూలబడి తిన్నాయి. తూకం వేస్తే కిలోన్నర దాటాయి. ఇంజక్షన్ ఒక్కటీ లేదు. ఆయన మొహం చూడాలి! మేతకొట్టు యజమాని మీద అనుమానపడి నిలదీశారు. అతను నవ్వేశాడు. "సార్, ఒక్కో కోడినీ పట్టుకుని రోజూ పొడవాలంటే ఆ కూలికే కోడి ఖరీదు అయిపోతుంది. ఆ జాతిని దశాబ్దాలుగా ఏరి ఏరి అలా తయారుచేశారు. మీరు పోసేది మొక్కజొన్న, సోయా చెక్క. ఇంకేం కావాలి?" ఆ రోజు నుంచి పార్కులో ఇంజక్షన్ల ఉపన్యాసం ఆగిపోయింది. ఈ ప్రాజెక్టుతో కాలనీకి ఒరిగిన లాభం అదొక్కటే.

ఇంత లెక్క తెలిసిన మనిషి గడువు తీరే రోజుకు మాత్రం పంచాంగం చూడలేదు. పాడ్యమి నుంచి నలభై రెండో రోజంటే ఎప్పుడు? కార్తీక శుద్ధ ద్వాదశి. పిన్నిగారు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి క్షీరాబ్ది ద్వాదశి దీపాలు పెడుతుంటే, వెనకాల ఇరవై మూడు కోళ్లు గడువు తీరిన డిపాజిట్లయి కూర్చున్నాయి. ఆ ఇంట్లో కార్తీకం ముప్పై రోజులూ నీసు గడప తొక్కదు. పెరట్లో కత్తి ఎత్తడానికి వీల్లేదని పిన్నిగారు ఒక్క మాటలో తేల్చేశారు.

అమ్మేద్దామంటే కార్తీకంలో కోడి ధర పడిపోయి ఉంది. కోళ్లకు మాత్రం ఉపవాసాల్లేవు. రెండు బస్తాల మేతతో అయిపోతుందన్నది నాలుగో బస్తాకెక్కింది. రెండు కిలోలవి మూడై, మూడున్నర దాటి, కాళ్లు మొయ్యక కూలబడ్డాయి. "రోజూ వడ్డీ పెరుగుతోంది, అసలు లేచి నిలబడడం లేదు" అని మేనేజరుగారు నా దగ్గర వాపోయారు. తన దగ్గర గడువు మీరినవాళ్లకు ఆయన ఎన్ని నోటీసులిచ్చారో తెలిసినవాళ్లు జాలిపడలేదు.

కార్తీకం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున పిన్నిగారు అరటిదొప్పల్లో దీపాలు వదిలి పోలిని స్వర్గానికి పంపారు. ఎండెక్కాక కోళ్ల వంతు. ముందురోజు సాయంత్రం నుంచి మేత ఆపి నీళ్లే పెట్టారు, కడుపు ఖాళీ అవుతుందని. కోయడానికి ఊరి నుంచి బావమరిది వచ్చాడు. ఈకలు పీకడానికి నీళ్లు 60 డిగ్రీలు దాటకూడదని మేనేజరుగారు థర్మామీటరుతో అడ్డం పడ్డారు. "బావా, నాటుకోడికి మేం కుతకుతలాడేవే పోస్తాం" అని అతను మరిగే నీళ్లలో ముంచాడు. ఈకలతోపాటు తోలూ ఊడొచ్చింది. ఒక్కసారంటే ఒక్కసారి కాగితం గెలిచింది. మేనేజరుగారు ఆ ఆనందంలో తానే కార్జం తీస్తానని చెయ్యి పెట్టి, దానికంటుకున్న పచ్చటి చేదు తిత్తిని చిదిపేశారు. మాంసమంతా చేదు. ఆ కోడే మా ఇంటికి వచ్చిందని నా అనుమానం.

ఫ్రిజ్‌లో నాలుగు కోళ్లు పట్టాయి, మిగతావి వీధంతా పంచారు. కిలో ఎంత పడిందని మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కనుమకు ముక్క కావాలంటే డిసెంబరు మొదటి వారంలో పిల్లలు దించుకోవాలి. మేనేజరుగారు ఈసారి పంచాంగం చూసి మరీ యాభైకి అడ్వాన్సు ఇచ్చారు. మీరూ పెంచే ఆలోచనలో ఉంటే ఆయన్ను కలవండి. లాసోటా డోసులు యాభై మిగులుతాయి, ఉచితంగా ఇస్తారు.