సీటు వెనక సబ్ ఊఫర్: చెమట పట్టకుండా బాక్సు కట్టే పద్ధతి

ఆటోలో పాట వినపడటం వేరు, ఆటో వస్తోందని వీధి వీధంతా తెలుసుకోవడం వేరు. ఈ చిట్కాలు రెండోది కోరుకునేవాళ్ల కోసం. మూడు చక్రాల బండిలో చోటు తక్కువే. పాసింజర్ సీటు వెనక, ఇంజిన్ పైన కాస్త జాగా ఉంటుంది. మనకదే చాలు. ఒక్క మధ్యాహ్నంలో పని అయిపోతుంది, నడుమ ఓ కునుకు కూడా తీయొచ్చు.

1. టేపు పట్టుకోకండి, జానలతో కొలవండి. టేపుతో కొలిచి తప్పు చేస్తే అది మీ తప్పు. జానతో కొలిస్తే మిమ్మల్ని అడిగేవాడే ఉండడు. బాక్సు పట్టకపోతే బాక్సు జోలికి పోకండి, సీటు వీపు కోసేయండి. రెగ్జిన్ చింపి స్పాంజి లాగేయండి. బాక్సులో పాలియెస్టర్ దూది నింపితే చిన్న బాక్సు కాస్త పెద్దదానిలా పనిచేస్తుంది. దూది కొనడం దేనికి? పాసింజర్ వీపు దగ్గర తీసిన స్పాంజి చేతిలోనే ఉందిగా, కూరేయండి.

2. ఊఫర్‌తో పాటు ఒక కాగితం ఇస్తారు. దాని మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని అంకెలుంటాయి. ఏ ఊఫర్‌కి ఎంత బాక్సు కావాలో ఆ అంకెలతో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెడితే, రిచర్డ్ స్మాల్ 1970ల్లో పూర్తి చేశాడు. అంతటివాళ్లు అంత కష్టపడ్డాక మళ్లీ మనమెందుకు? కాగితం నాలుగు మడతలు పెట్టి బాక్సు కింద ఊగే మూలకి పెట్టండి.

3. 12 అంగుళాల ఊఫర్‌కి మూసిన బాక్సు అయితే సుమారు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లు కావాలంటారు. మీకు దొరికేది పన్నెండో పదిహేనో. చిన్న ఊఫర్ కొనుక్కోమని సలహాలిస్తారు, వినకండి. 12 అంగుళాలదే దూర్చండి. అయస్కాంతం వెనక చెక్కకి తగిలితే అక్కడ బెజ్జం కొట్టండి. ఇరుకు బాక్సులో ఊఫర్ కింది స్వరాలు వదిలేసి ఒకే స్వరం దగ్గర గట్టిగా మోగుతుంది. దాంతో ఏ పాట పెట్టినా ‘డుమ్ డుమ్’ ఒకటే వస్తుంది. పాటలు మార్చే శ్రమ తప్పినట్టే.

4. చెక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు మిగిలేది ఇక్కడే. అందరూ 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అంటారు. లెక్క చూడండి. ఉదాహరణకి బయట 50, 35, 20 సెంటీమీటర్లున్న బాక్సుని 18 మిల్లీమీటర్ల చెక్కతో కడితే లోపల మిగిలేది దాదాపు 24 లీటర్లు. అదే 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కడితే 31. ఏడు లీటర్లు ఊరికే వచ్చాయి! పైగా పల్చటి చెక్క తనూ వణుకుతుంది కాబట్టి ఒక్క ఊఫర్ కొంటే ఆరు పలకలూ మోగుతాయి. పాత అల్మరా వెనక చెక్క ఊడదీసుకోండి. ఇంట్లో అడిగితే చెద పట్టిందనండి. ఎండీఎఫ్ ఉచితంగా దొరికితే మాత్రం వద్దనకండి. రంగు వేయకుండా వాడండి. ఆటోకి పక్క తలుపులుండవు, వానజల్లు కొడుతుంది, ఎండీఎఫ్ ఉబ్బుతుంది. ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయి.

5. అందాకా సందులకి ప్యాకింగ్ టేపు అంటించండి. ఊఫర్ ముందువైపు గాలిని నెట్టేటప్పుడు వెనకవైపు లాగుతుంది. ఆ రెండూ కలిస్తే బేస్ చచ్చిపోతుంది, అందుకే బాక్సు బిగుతుగా ఉండాలంటారు. బేస్ చస్తే వాల్యూమ్ పెంచుకుందాం, దానికి డబ్బులేం అడగరు.

6. బాక్సుకి గాలి గొట్టం (పోర్టు) పెట్టాలనుకుంటే బాత్రూమ్ పైపు ముక్క చాలు. పొడవు లెక్కించకండి, ఎంత ముక్క దొరికితే అంత. శ్రుతి కుదరని గొట్టంతో బాగా కింది స్వరాలు వచ్చినప్పుడు ఊఫర్‌కి పట్టు పోయి కోన్ గంతులేస్తుంది. పాసింజర్లకి ఆ గంతులు కనపడేలా జాలీ తీసేయండి.

7. కరెంటు. యాంప్లిఫైయర్ వైరుకి బ్యాటరీ నుంచి 18 అంగుళాల లోపు ఫ్యూజు పెట్టమంటారు. ఫ్యూజు చేసే పనల్లా మంచి పాట మధ్యలో ఆపడం. అలాంటిదాన్ని మనమే కొని మనమే పెట్టుకోవాలా? వైరు కూడా ఇంట్లో సీరియల్ బల్బులది సరిపోతుంది. చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, కరెంటు పారుతోందనడానికి అదే గుర్తు. రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు చూసుకోండి: ప్రతి దెబ్బకీ హెడ్‌లైటు మసకబారి మళ్లీ వెలగాలి. అలా వెలుగుతుంటే పని పక్కాగా కుదిరినట్టే. పొద్దున బండి స్టార్టు కాకపోతే తోయడానికి పక్కింటి కుర్రాళ్లున్నారు.

8. యాంప్లిఫైయర్ గెయిన్ గుండీ పూర్తిగా తిప్పేసి, ఆ గుండీ మీద ఫెవిక్విక్ ఒక చుక్క వేయండి. ఇంకెవరూ తగ్గించలేరు.

9. ఇక మాటలు. బాక్సుకి పెట్టిన టైము కంటే వీటికి ఎక్కువ పెట్టండి. పెద్దావిడ ఎక్కి, ‘కాస్త తగ్గించు నాయనా, గుండె దడ’ అంటే, ‘బటను పట్టేసిందమ్మా, రేపు మెకానిక్‌కి చూపిస్తా’ అనండి. రోజూ రేపే అనండి. గరగరమంటే రోడ్డు బాలేదనండి. సీటు చాలక మూడో పాసింజర్ దిగిపోతే పోనివ్వండి, గిరాకీ తగ్గితే ఆయిల్ ఖర్చు కలిసొస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే, ‘పాసింజర్ లగేజి సార్, స్టేషన్‌లో దింపాలి’ అనండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దని ఎవరైనా చదివి వినిపిస్తే, హద్దు ఆ చోటుకే గానీ కదిలే బండికి కాదని చెప్పి క్లచ్ వదిలేయండి.

10. ఒకరోజు పాట మధ్యలో కాలిన వాసన వచ్చి ఊఫర్ మూగబోతుంది. కాయిల్ మాడిందన్నమాట. కంగారు వద్దు, వారంటీ ఉంది. స్క్రూలు విప్పి, కోన్ మీద పౌడరు అద్ది, రాత్రంతా అగరువత్తుల పక్కన పెట్టండి. పొద్దున్నే షాపు తెరిచే వేళకి, ఓనరు రాకముందు, కొత్తగా చేరిన కుర్రాడి చేతికివ్వండి. ‘పెట్టెలోంచి తీశాను, మోగలేదు తమ్ముడూ’ అనండి. ఈసారి 15 అంగుళాలది అడగండి.