పంచాంగం ముందే చెప్పిందండీ!

మహారాజశ్రీ పండగల అనుమతుల అధికారివారి సముఖానికి,

బెజవాడ సత్యనారాయణపురంలో ఓ వీధి ఉత్సవ కమిటీ కార్యదర్శి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, ఈ పేరుతో ఆఫీసేదీ లేదని నాకు తెలుసు. పోలీసు, కార్పొరేషన్, ఫైరు, కరెంటు, దేవాదాయం, ఇరిగేషన్... ఇన్ని తలుపుల్లో అసలు తలుపు ఏదో తేలక అందరికీ కలిపి ఒకే కవరు పంపుతున్నాను. ఎవరికి చేరినా "తగు చర్య నిమిత్తం" అని రాసి పక్కవారికి పంపేస్తారు కాబట్టి, చుట్టూ తిరిగి అందరికీ అందుతుందనే నా ధైర్యం.

విషయం ఒక్కటే. పండగ ఎప్పుడొస్తుందో పంచాంగం ఉగాదికే చెబుతుంది. తమరికి మాత్రం వారం ముందు గానీ తెలియడం లేదు.

మా పంచాంగానికి ఐదంగాలు. తమరి పంచాంగానికీ ఐదున్నాయని తిరిగి తిరిగి కనిపెట్టాం. తిథి అంటే దరఖాస్తుకు ఆఖరి తేదీ, అది మాకు తెలిసేసరికి సగం వెళ్లిపోయి ఉంటుంది. వారం అంటే "వచ్చే వారం రండి". నక్షత్రం అంటే సినిమా నక్షత్రం, ఆయన వస్తున్నారంటే బందోబస్తు దానంతటదే కుదురుతుంది. యోగం అంటే పాసు, అది కొందరి జాతకాల్లోనే రాసి ఉంటుంది. ఇక కరణం. 1984లో ఎన్టీఆర్ కరణాలను తీసేశారని విన్నాం గానీ, కౌంటర్ వెనక కరణంగారు ఇంకా కళ్లజోడు సవరించుకుంటూనే ఉన్నారు.

మా వీధి సంగతే మనవి చేస్తాను. ఓ ఏడాది వినాయక చవితి పందిరికి తారు రోడ్డు తవ్వకూడదన్నారు. న్యాయమే. ఖాళీ నూనె డబ్బాల్లో ఇసుక పోసి, వాటిలో రాటలు నిలబెట్టి, పైన తాటాకు బదులు రేకు వేశాం. అంతా సిద్ధమయ్యాక ఒకానొక ఆఫీసు నుంచి రావలసిన కాగితం రాలేదు. స్వామి వచ్చి కూర్చున్నారు, కాగితం రాలేదు. ఉండ్రాళ్లు అయిపోయాయి, కాగితం రాలేదు. నిమజ్జనం నాడు, లారీకి అరటిపిలకలు కడుతుండగా వచ్చింది. దాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టి ఆయనతో పాటే కృష్ణకు పంపాం.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకేచోట దరఖాస్తు పెట్టే వీలొచ్చింది. 2025లో మండపాలకు కరెంటు ఉచితమన్నారు. చల్లగా ఉండండి. ఆ మాట పందిళ్లు లేచాక కాకుండా చందా పుస్తకం అచ్చు వేయించక ముందు చెబితే, కరెంటు బిల్లు పేరు చెప్పి గడప గడపకూ తిరిగే బాధ తప్పేది.

మైకు సంగతి చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు కూడదు. పండగలకు 12 దాకా సడలించే అధికారం రాష్ట్రానికి ఉంది, ఏడాదికి 15 రోజులు మించకుండా. ఈ నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు. మా పందిరి వెనకింట్లోనూ పసిపిల్లలున్నారు. కానీ వేళ్లు మడిచి చూడండి. చవితి తొమ్మిది రోజులు, దసరా పది రోజులు, అక్కడికే కోటా దాటిపోయింది. సంక్రాంతి, శ్రీరామనవమి, గుణదల మేరీమాత ఉత్సవాలు, మొహర్రం, క్రిస్మస్ ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాయి. ఆ పదిహేను రోజులు ఏవో ఉగాదికే ప్రకటిస్తే, మిగతా రోజుల్లో హరికథ సాయంత్రం ఆరింటికే మొదలెట్టుకుంటాం. దాసుగారికీ నిద్ర కావాలి కదా.

లెక్క కట్టి పండగ జరపడం తమకు చేతకాదని నేననను. 2020 దసరాకి, కొవిడ్ వేళ, ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడికి రోజుకు 10 వేల మందినే, అదీ ముందుగా ఆన్‌లైన్ టికెట్ తీసుకున్నవారినే పంపారు. ప్రాణభయం ఉన్నప్పుడు కుదిరిన లెక్క భయం పోగానే ఎందుకు తప్పుతుందన్నదే నా సందేహం. మా అత్తయ్య ఏటా మూలా నక్షత్రం రాత్రి సరస్వతీ అలంకారం చూడటానికి వెళ్తుంది. నెల ముందే క్యాలెండర్ మీద గుండ్రంగా గీత గీస్తుంది. చెప్పులు ఇంట్లోనే వదిలేస్తుంది. సంచిలో పులిహోర పొట్లం, నీళ్ల సీసా, మోకాళ్లకు మందు, కొంగుముడిలో ఆటో డబ్బులు. ఒక్క మనిషి చేసుకోగలిగిన ఈ ఏర్పాటు ఇన్ని శాఖలకు కష్టమా?

పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. తయారవడానికి అంతకంటే వ్యవధి బ్రహ్మదేవుడు కూడా ఇవ్వలేడు. అయినా 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటిరోజే, రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా పోయారు. ఆ మాట దగ్గర నాకు వేళాకోళం రాదు. మరుసటి ఏడాది ఆగస్టు 12న కృష్ణా పుష్కరాలు వచ్చాయి. దానికి నెలా రెండు నెలల ముందు బెజవాడలో రోడ్లు వెడల్పు చేస్తూ గుళ్లు తొలగించారు. శనీశ్వరుడి గుడినీ వదల్లేదు. శనికే శని పట్టడం ఆ ఏడే చూశాం. మళ్లీ 2021 జనవరిలో తొమ్మిది గుళ్లు కట్టడానికి శంకుస్థాపన చేశారు.

పుస్తకాల పండగదీ ఇదే కథ. ఏటా జనవరిలో స్వరాజ్ మైదానంలో జరిగేది. ఇప్పుడక్కడ అంబేద్కర్ గారి 125 అడుగుల విగ్రహం వెలిసింది. మంచిదే. కానీ జీవితమంతా పుస్తకాల మధ్యే గడిపిన మనిషి ఆయన. ఆయన ముంగిట్లోంచి పుస్తకాలు చోటు వెతుక్కుంటూ పోయి, 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో దిగాయి. మైదానం తీసుకునేనాడే బదులు మైదానం చూపించి ఉంటే సరిపోయేది.

ఇన్ని అనుమతుల మధ్య, ఏ అనుమతీ లేని పండగ ఒకటి మన డెల్టాలో ముచ్చటగా జరుగుతోంది. కోడిపందెం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వద్దంది, 1974 నాటి జూద నిరోధక చట్టం వద్దంది, హైకోర్టూ వద్దంది. భోగి నాడు బరి దగ్గరికి వెళ్లి చూడండి. కార్లకు చదును చేసిన చేలు, కుర్చీలు, ఫ్లడ్ లైట్లు, పెద్ద తెర, బిర్యానీ. అంతా ముందురోజే సిద్ధం. అనుమతి అడిగినవాడు కౌంటర్ దగ్గర, అడగనివాడు ముందు వరస కుర్చీలో!

కాబట్టి అయ్యా, కోరేది చిన్నది. ఉగాది నాడు పంచాంగ శ్రవణం ఎలాగూ ఘనంగా జరిపిస్తారు. సిద్ధాంతిగారు ముగించగానే తమరూ ఓ కాగితం చదవండి. ఈ ఏడు మైకు రోజులివి, దరఖాస్తు గడువిది, ఏ రోజు కొండ మీదికి ఎంతమంది, ఏ మైదానం ఎవరికి, దసరాకి వరదొచ్చి దుర్గమ్మ హంసవాహనం ఏట్లోకి పోలేకపోతే తెప్పోత్సవం చూడవచ్చినవారు ఎక్కడ నిలబడాలి. చదివింది గోడకు అంటించండి. అంతే.

2027లో గోదావరికి, 2028లో కృష్ణకు పుష్కరాలు. కృష్ణా పుష్కరాలు మోసుకుని బృహస్పతి కన్యారాశిలోకి వచ్చేటప్పుడు తమరి కౌంటర్ దగ్గర ఆగడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉత్సవ కమిటీ కార్యదర్శి

తా.క.: వచ్చే చవితి పందిరికి దరఖాస్తు ఈ కవరులోనే జతపరిచాను. ఇసుక డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి.