మాడ్యులర్ మావయ్య

మాడ్యులర్ మావయ్య ఇంటికి వెళ్తే మంచినీళ్ళ కన్నా ముందు ఇల్లు చూడాలి. చెప్పులు విప్పీ విప్పకముందే భుజం మీద చెయ్యి పడుతుంది. "అల్లుడూ, ఇటురా, ఒక వస్తువు చూపిస్తా" అంటాడు. ఆ ఒక వస్తువు ఎప్పుడూ ఒక్కటి కాదు. వంటింట్లోకి తీసుకెళ్ళి ఒక సొరుగు బయటికి లాగి, చిటికెన వేలితో ఇలా తోసి వదిలేస్తాడు. అది చప్పుడు చెయ్యకుండా, ఎవరి మీదా కోపం లేకుండా, తనంతట తానే వెళ్ళి మూసుకుంటుంది. "సాఫ్ట్ క్లోజ్" అంటాడు మావయ్య. మనం ఆశ్చర్యపోవాలి. పోకపోతే మళ్ళీ లాగుతాడు.

ఈయన మీకూ మావయ్యే. మా మావయ్య ఉండేది కూకట్‌పల్లిలో. మీ ఆయన విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో, హన్మకొండలోనో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో ఉండవచ్చు. ఫ్లాటు నంబరు వేరు, సొరుగు ఒకటే. యాభై అయిదు దాటిన వయసు, పీఎఫ్ డబ్బు చేతికొచ్చిన ధైర్యం, యూట్యూబులో వంటిళ్ళు చూసే తీరిక, వంట చెయ్యాల్సిన అవసరం లేకపోవడం ఈ జాతి లక్షణాలు. చివరి లక్షణం లేనివాళ్ళు ఈ జాతిలో ఇంతవరకూ నాకు కనపడలేదు.

మావయ్య బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు. గేదె లోను అడిగిన రైతు ఇంటికి వెళ్ళి, గేదె పళ్ళు కూడా చూసిగానీ సంతకం పెట్టని మనిషి. అదే మనిషి షోరూములో కుర్రాడు "నో కాస్ట్ ఇఎంఐ సార్" అనగానే కరిగిపోతాడు. సున్నా శాతం వడ్డీ అనేదే అసలు లేదని రిజర్వు బ్యాంకు 2013లో బ్యాంకులకు సర్క్యులరు పంపింది. ఆ కాగితాన్ని తన బ్రాంచిలో ఫైలు చేయించింది ఈయనే. వడ్డీ ధరలో ఎక్కడో నక్కి ఉంటుందనీ, క్రెడిట్ కార్డు వాయిదాలైతే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుందనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. అయినా "అది లోను అల్లుడూ, ఇది ఆఫరు" అంటాడు.

మావయ్య సొంతూరు చీమకుర్తి పక్కన. ఒంగోలు నుంచి అటు వెళ్ళినవాళ్ళకు తెలుసు, అక్కడ నేలను తవ్వి నల్లరాయిని దూలాలు దూలాలుగా పైకి తీస్తుంటారు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు. బ్లాక్ గెలాక్సీ అని దేశదేశాల వాళ్ళు కొనుక్కుంటారు, ఇటలీ వాళ్ళతో సహా. ఆ ఊరి మనిషి తన వంటగట్టుకి ఇటాలియన్ మార్బుల్ వేయించాడు. గ్రానైటు ఎందుకు వద్దన్నావంటే "మన ఊళ్ళో పశువుల కొట్టానికి కూడా అదే వేస్తారు" అన్నాడు. పాలరాయి పుట్టుక సున్నపురాయి నుంచి. పులుపు తగిలితే మెరుపు చచ్చి మచ్చ పడుతుంది. చింతపండు, గోంగూర, నిమ్మకాయ, మామిడికాయ తీసేస్తే మన వంటలో ఇక మిగిలేది అన్నం. గృహప్రవేశమైన వారంలోనే పులుసు గరిటె పెట్టినచోట గుండ్రంగా మచ్చ పడింది. అప్పటినుంచి అత్తయ్య గట్టు మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీద చెక్కపలక పెట్టుకుని కూరలు తరుగుతుంది. చుట్టాలొచ్చినప్పుడు మావయ్య ఆ మూడు పొరలూ ఎత్తి రాయి చూపిస్తాడు.

గట్టు మీద నాలుగు గుండ్రాల ఇండక్షన్ పొయ్యి. మంట లేదు, మసి లేదు, నల్లటి అద్దం, అంతే. అయితే అది అన్ని గిన్నెల్నీ పలకరించదు. అడుగున అయస్కాంతం అంటుకునే లోహం ఉంటేనే వేడెక్కిస్తుంది. అత్తయ్య కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ పోగేసిన అల్యూమినియం డేగిసాలు, పుట్టింటి ఇత్తడి గిన్నెలు, రాగి చెంబు ఒక్కటీ పనికిరాలేదు. మావయ్య ఫ్రిజ్ తలుపు మీది వెంకన్న బొమ్మ ఊడదీశాడు, వెనకాల అయస్కాంతం ఉంటుంది కదా. ఆ బొమ్మతో ఇంట్లో గిన్నెలన్నిటికీ పరీక్ష పెట్టాడు. స్వామి పట్టుకున్నవి కిందనే ఉండిపోయాయి, వదిలేసినవి అటకెక్కాయి. అలవాటు ఇప్పటికీ పోలేదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చొక్కా జేబులో స్వామి ఉంటాడు.

అసలు చిక్కు వంకాయ దగ్గర వచ్చింది. పచ్చడికి వంకాయ మంట మీద కాలాలి. తొక్క నల్లబడి పేలాలి, ఆ పొగ వాసన లోపలి కండకు పట్టాలి. అద్దం మీద వంకాయ పెడితే ఆ పొయ్యి గిన్నె ఏదీ అని నాలుగు కూతలు కూసి ఆరిపోతుంది. అప్పడం కాల్చలేం. పుల్కా పొంగించలేం. అరిసెల పాకం పట్టే ఇత్తడి గిన్నె సరేసరి, అటక మీద ఉంది. అత్తయ్య గొడవేం చెయ్యలేదు. యుటిలిటీ బాల్కనీలో, వాషింగ్ మిషను పక్కన, బట్టల తీగ కాస్త పక్కకు జరిపించి, ఒంటి బర్నరు గ్యాసు పొయ్యి పెట్టించుకుంది. వంకాయకి మాత్రమే అని చెప్పింది. కొన్నాళ్ళకు వంకాయ వెంట తాలింపు వెళ్ళింది. తాలింపు వెంట పప్పు. పప్పు వెంట అన్నం వెళ్ళకుండా ఎలా ఉంటుంది? అటక మీది గిన్నెలు కూడా ఒక్కొక్కటే దిగి బాల్కనీ చేరాయి. ఇప్పుడు ఆ ఇంట్లో వంటంతా అక్కడే. లోపలున్నది, అంత ఖర్చు పెట్టినది, వంటింటి బొమ్మ.

చిమ్నీ సంగతి చెప్పలేదు. గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి లాగుతుందట. తాలింపు ఘాటుకి వీధి చివరి మనిషి తుమ్మే ఇళ్ళు మనవి కాబట్టి చిమ్నీ దండగ అని నేననను. కానీ వంట లోపల సాగిన రోజుల్లో అది తిరిగితే కుక్కరు ఎన్ని కూతలు వేసిందో వినపడేది కాదు. అత్తయ్య చిమ్నీ ఆపి కూత వినేది, మళ్ళీ వేసేది. ఇప్పుడు చిమ్నీ లోపల, పొగ బయట. మావయ్య దీనికీ దారి ఆలోచించాడు.

"బాల్కనీకి ఇంకో చిమ్నీ పెట్టిస్తే?"

"బాల్కనీకి గోడే లేదు కదా మావయ్యా. పొగ దానంతటదే పోతుంది."

"పోతుందనుకో. కానీ దాంట్లో ఆటో క్లీన్ ఉండదుగా" అన్నాడు.

ఎయిర్ ఫ్రయర్ వచ్చింది మావయ్యకి కొలెస్ట్రాల్ రిపోర్టు వచ్చిన వారం. 2010లో ఫిలిప్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఈ యంత్రం నిజానికి మూకుడు జాతి కాదు. అది చిన్న బట్టీ. పైన ఫ్యాను పెట్టి వేడిగాలిని గిరగిరా తిప్పుతుంది. బంగాళాదుంప ముక్కలకీ, చేపముక్కలకీ బాగానే పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. మన పిండివంటతోనే దానికి పేచీ. మిరపకాయ బజ్జీ, పునుగు సలసల కాగే నూనెలో పడిన క్షణంలో ఒళ్ళు బిగించుకుంటాయి కాబట్టే వాటికి ఆ ఆకారం. చిల్లుల బుట్టలో వేస్తే శనగపిండి కిందికి కారిపోయి మిరపకాయ ఒంటరిగా మిగులుతుంది. అప్పడం వేస్తే ఫ్యాను గాలికి లేచి పైనున్న కాయిలుకి తగిలి మాడుతుంది. కనుమ నాడు మినుము తినాలి కదా అని మావయ్య చుట్టాలందరినీ పిలిచి నూనె లేని గారెలు వేశాడు. బుట్ట లాగి చూస్తే పిడకలు. మర్యాదస్తులు ఒకటి తీసుకుని చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఈలోగా బాల్కనీలోంచి వాసన వచ్చింది. అత్తయ్య అప్పటికే రెండో వాయి తీస్తోంది. మావయ్య ఆరు తిన్నాడు. "పోల్చి చూడకుండా రివ్యూ ఎలా చెప్తాం?" అన్నాడు.

స్నానాలగదిలో మావయ్యకి శత్రువు భూమ్యాకర్షణ. నీళ్ళు పది మీటర్ల ఎత్తునుంచి దిగితే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మావయ్యది పై అంతస్తు. ట్యాంకు ఆయన నెత్తికి రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంది. అంటే పావు బార్. దానికి పన్నెండంగుళాల రెయిన్ షవరు బిగించాడు. కేటలాగులో ఎవరో అమ్మాయి జడివానలో కళ్ళు మూసుకుని తడుస్తోంది. మావయ్య మీద తుంపర పడింది, అదీ ఎడమ భుజం మీదే. ప్రెషరు పంపు కొన్నాడు. అప్పుడు నిజంగానే వాన కురిసింది, బోరు నీళ్ళలోని ఉప్పు చిల్లుల్లో పేరుకునేదాకా. ఇప్పుడు ఆదివారం ఆదివారం స్టూలెక్కి గుండుసూదితో ఒక్కో చిల్లూ పొడుస్తాడు. ఆ పని పూర్తయ్యాక కిందికి దిగి, బకెట్టు నింపుకుని మగ్గుతో స్నానం చేస్తాడు. ఫ్లష్ ట్యాంకు బయటికి కనపడటం నామోషీ అని గోడలో దాచారు. అందులో వాషరు పోయింది. ప్లంబరు మీట పలక ఊడదీసి, టార్చి వేసి లోపలికి చూసి, "ఈ మోడలు ఆపేశారు సార్" అని పలక మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు.

గోడల మీద స్విచ్చులకు బదులు అద్దం పలకలు. వేలు తాకితే చాలు, లైటు వెలుగుతుంది. బల్లి తాకినా వెలుగుతుంది. అర్ధరాత్రి హాలు ధగధగలాడిపోతే దొంగలనుకుని ఇల్లంతా లేచింది. బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగంలో ఉంటుంది గానీ స్విచ్ బోర్డు మీద పడితే ఏమిటో రాయలేదు. ఇల్లు ఊడ్చే రోబో గుమ్మం ముందు ముగ్గుని మురికి అనుకుని రెండుసార్లు తుడిచేసింది. ఇప్పుడది మంచం కింద ఉంటోంది, తెలిసే ఉంటోందో ఇరుక్కుపోయిందో ఎవరూ వంగి చూడలేదు.

ఇదంతా చదివి, యంత్రాలు మనకెందుకండీ, మా అమ్మ రోట్లో రుబ్బిన పచ్చడి రుచే వేరు అని నిట్టూర్చేవాళ్ళుంటారు. వాళ్ళు మావయ్యకి సొంత తమ్ముళ్ళు. ఆ రోటి ముందు తాము ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి రుచి ఒక్కటే గుర్తుంది. 1955లో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన రుబ్బురోలుకి మోటారు బిగించి గ్రైండరు తయారుచేశాడు. ఇడ్లీపిండి కోసం ఇంకా చీకటుండగానే పొత్రం పట్టుకున్న చేతులు అప్పటిదాకా ఎన్నో. 1963లో మొదలైన సుమీత్ మిక్సీ కథ కూడా వంటింట్లోదే. భార్య వాడుతున్న విదేశీ మిక్సీ మన రుబ్బుడు తట్టుకోలేక మోటారు కాల్చుకుంటే, సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు మన పప్పులకీ మసాలాలకీ సరిపడేది తయారుచెయ్యడానికి పూనుకున్నాడు. ఈ రెంటినీ ఎవరూ అతిథులకు లాగి చూపించరు. రోజూ పొద్దున్నే చెవులు చిల్లులు పడేలా అరుస్తూ పనిచేసి, మూలన కూర్చుంటాయి.

అత్తయ్య ఏ కొత్త వస్తువు డబ్బా విప్పుతున్నా ఒకే ప్రశ్న అడుగుతుంది. "దీన్ని ఎవరు కడుగుతారు?" ఈ ప్రశ్నకి జవాబు ఏ కేటలాగులోనూ ఉండదు. కోల్డ్ ప్రెస్ జ్యూసరు ఒక గ్లాసు కమలారసం ఇచ్చి, జల్లెడతో కలిపి అరడజను భాగాలు సింకులో పడేస్తుంది. రసం తాగింది మావయ్య.

ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన యంత్రం ఒక్కటే, డిష్‌వాషరు. పనమ్మాయి ఊరెళ్ళి రాలేదు, మోకాళ్ళు సింకు ముందు నిలబడనివ్వడం లేదు. అడగ్గానే మావయ్యలో పాత బ్యాంకు మేనేజరు లేచి కూర్చున్నాడు. కరెంటెంత, నీళ్ళెంత, ఇద్దరు మనుషులకి అన్ని గిన్నెలేమిటి, చేత్తో తోమిన తళతళ దానికొస్తుందా అని వాకబు చేస్తూ ఏడాది గడిపాడు. అత్తయ్య చీటీ పాడి తనే కొనుక్కుంది. ఒక విడతకు పది పన్నెండు లీటర్ల నీళ్ళు తాగుతుంది, పంపు తిప్పి చేత్తో తోమితే అంతకు రెండింతలకు పైగానే పోయేవి. అడుగంటిన గిన్నెను ముందు నానబెట్టాలి. బోరు నీళ్ళు కాబట్టి దాని ఉప్పు దానికి పొయ్యాలి. ఆ రెండూ ఆమె మరిచిపోదు. గంటల తరబడి గొణుగుతూ తిరుగుతుంది గానీ పని ఎగ్గొట్టదు. ఇంటి టూరులో మావయ్య దాని దగ్గర ఆగడు.

ఆయన కొన్నవాటిలో కూడా ఒకటి నెగ్గింది, ఒప్పుకోవాలి. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 28తో సరిపెడుతుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఇంట్లో ఒక్కో ఫ్యానుకు నెలకు పదహారు, పదిహేడు యూనిట్లు మిగులుతాయి. మావయ్య దాన్ని కొన్నది కరెంటు కోసం కాదు, రిమోటు కోసం. రిమోటు ఎక్కడో పోయింది. ఫ్యాను తిరుగుతోంది.

ఈ మధ్య మావయ్య రొట్టెలు ఒత్తే యంత్రం చూస్తున్నాడు. పిండి, నీళ్ళు పోస్తే పుల్కా కాలి బయటికొస్తుందట. దానికి చోటు కావాలి కాబట్టి గట్టు ఖాళీ చేస్తున్నారు. ఒక బ్రెడ్ మేకరు, ఒక ఎయిర్ ఫ్రయరు, ఒక జ్యూసరు ఉన్నాయి, వచ్చిన డబ్బాలతో సహా. కావలసినవాళ్ళు చెప్పండి, డబ్బు అక్కర్లేదు. మావయ్యే కారులో తెచ్చి, మీ గిన్నెలకు అయస్కాంతం పెట్టి చూసి, వాడకం నేర్పి మరీ వెళ్తాడు. కడిగే పూచీ మీది.