కూత రోగానికి ఆయిల్ వైద్యం

హైదరాబాదులో ఎన్ని రోగాలకు ఎన్ని ఆసుపత్రులున్నా, ఒక్క శాఖ మాత్రం ఏ బోర్డు మీదా కనిపించదు. దాని ఓపీ ఆదివారం తెల్లవారుజామున కాచిగూడలో ఇరానీ చాయ్ దగ్గర నడుస్తుంది. రోగి పేరు టూరింగ్ బండి. వెనక రెండు పెట్టెలు, ముందు రెండు ఫాగ్‌లైట్లు, ట్యాంకు మీద ఇంకా వెళ్లని లద్దాఖ్ తాలూకు స్టిక్కరు. రోగలక్షణం ఒక్కటే: నాలుగో గేరులో ఎనభై దాటగానే ఇంజిన్లోంచి ‘కుయ్’మని సన్నటి కూత. వైద్యులకు కొదవ లేదు. బండి ఓనరు తప్ప అక్కడ చాయ్ తాగేవాళ్లంతా వైద్యులే. ఇన్ని నాడులు చూసి ఇంతమంది రాసే మందు కూడా ఒక్కటే: ఆయిల్ మార్చు.

నిజానికి కాచిగూడ వాళ్లకు కూత కొత్త కాదు. 1916లో నిజాం రైల్వే ఇక్కడ స్టేషన్ కట్టినప్పటి నుంచి ఈ పేట కూతల మధ్యే పడుకుంటోంది, కూతల మధ్యే లేస్తోంది. అయినా “సార్, ఇంజన్ల ఏస్టర్ ఆయిల్ పొయ్యుండ్రి, జర మెత్తగ కూస్తది” అని స్టేషన్ మాస్టరుకు సలహా ఇచ్చిన మొనగాడు ఒక్కడూ లేడు. రైలు పోతుంటే పక్కకు ఒత్తిగిలి పడుకునే మనిషి, మూడు లక్షలు పోసి బండి కొనగానే దోమ రెక్కంత కూతకు నిద్ర మానేస్తున్నాడు. ఈఎంఐ కట్టే చెవికి వినికిడి పెరుగుతుందేమో!

ఈ వైద్యులు నాలుగు రకాలు.

మొదటివాడు చిక్కదనం వైద్యుడు. “20డబ్ల్యు50 పొయ్యి అన్నా. చిక్కగ ఉంటది, సౌండ్ మింగేస్తది” అంటాడు. ఆయన లెక్కలో ఆయిల్ అంటే గోడకు కొట్టిన దూది పరుపు. రెండోవాడు పలుచన వైద్యుడు. “చిక్కది పోస్తే ఇంజిన్ కష్టపడి మూలుగుతది తమ్మీ, 10డబ్ల్యు30 పొయ్యి” అంటాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే ఉస్మానియా బిస్కెట్ చెరిసగం తిని, ఒకే బండికి రెండు వ్యతిరేక మందులు రాస్తారు. చిత్రమేమంటే ఇద్దరి రోగులకూ నయమవుతుంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

మూడోవాడు రేసింగ్ వైద్యుడు. మామూలు ఆయిల్ పేరెత్తితే ముఖం అదోలా పెడతాడు. ఏస్టర్ అనే ఖరీదైన సింథటిక్ సరుకు లేనిది ఆయనకు ఆయిలే కాదు. ఆయన రాసే మందు మోటూల్ కంపెనీ 1971లో తెచ్చిన 300వీ. ఆ పేరులోని మూడు వందలు పోటీల్లో వచ్చిన విజయాల లెక్క. అంతటి ఆయిల్ ఇవాళ చాదర్‌ఘాట్ సిగ్నల్లో, సిటీ బస్సు వెనక న్యూట్రల్లో నిలబడి, మూడు వందల ఒకటో విజయం కోసం ఎదురుచూస్తోంది.

నాలుగోవాడు లారీ వైద్యుడు. “లారీ లక్షల కిలోమీటర్లు తిరుగుతది. దాని ఆయిల్ నీ బండికి సాలదా?” అని గద్దిస్తాడు. వాదం గట్టిదే. లారీ క్లచ్ ఇంజిన్ ఆయిల్లో మునిగి ఉండదనీ, మన బండి క్లచ్ మునిగే ఉంటుందనీ చిన్న సంగతొక్కటే ఆయన మరిచిపోయాడు. దాని దగ్గరికీ వస్తాం.

ముందు డబ్బా మీది అంకెల సంగతి. ‘డబ్ల్యు’ అంటే వింటర్, చలికాలం. దానికి ముందున్న అంకె చలిలో ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆయిల్ ఎంత చిక్కబడుతుందో చెబుతుంది. ఆయిల్ చిక్కదనానికి పెట్టిన ఎస్ఏఈ ప్రమాణం ప్రకారం 20డబ్ల్యు ఆయిల్‌ను సున్నాకు కింద 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యును 20 దగ్గర, 10డబ్ల్యును 25 దగ్గర పరీక్షిస్తారు. కాచిగూడ చౌరస్తాలో సున్నాకు కింద 25 డిగ్రీలు ఎప్పుడొస్తాయో వాతావరణ శాఖ వాళ్లను అడగాలి. మన సంక్రాంతి చలికి, అంటే మఫ్లర్ చుట్టుకుని అందరికీ చెప్పుకునే ఆ చలికి, మూడు డబ్బాలూ బండిని స్టార్ట్ చేస్తాయి. రెండో అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరి చిక్కదనం. 30 అంటే దాదాపు 9 నుంచి 12 సెంటీస్టోకులు, 50 అంటే 16 నుంచి 22 లోపు. ఈ అంకెల్లో ఎక్కడా శబ్దం కొలత లేదు. డబ్బాను తలకిందులు చేసి చూసినా డెసిబెల్ అన్న మాట కనిపించదు. ఆయిల్ కంపెనీల ఇంజినీర్లు రాయనిది మన చాయ్ బల్ల ఇంజినీర్లు చదివేస్తున్నారు.

ఇంతకూ ఆ కూత ఎక్కడిది? పాత బుల్లెట్లలో క్రాంకు నుంచి క్లచ్‌కు శక్తి చైన్ మీదుగా వెళ్లేది. ఇప్పటి చాలా టూరింగ్ బండ్లలో గేర్ల మీదుగా వెళ్తుంది. ఆ గేర్ల పళ్లు తిన్నగా కోసినవైతే ఒక పన్ను మీది భారం మొత్తం ఒక్కసారిగా పక్క పన్ను మీద పడుతుంది. ప్రతి పంటికీ ఒక చిన్న దెబ్బ. 30 పళ్ల గేరు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే సెకనుకు 2,000 దెబ్బలు. అవి విడివిడిగా వినబడవు, కలిసి కూత అవుతాయి. పైగా మనిషి చెవి బాగా పట్టేసే శ్రుతుల దగ్గరే అవుతాయి. ఏటవాలుగా కోసిన గేర్లలో పళ్లు మెల్లగా ఒకదానిలోకి ఒకటి జారతాయి కాబట్టి చప్పుడు తగ్గుతుంది. కానీ వాటికి ఖర్చెక్కువ, పక్కకు తోసే బలం వేరే. ఆ బేరం బండి తయారైన నాడే ఫ్యాక్టరీలో ముగిసింది. ఆయిల్ పోసినంత మాత్రాన పళ్లు వంకర తిరగవు, 30 పళ్లు 29 కావు.

నమ్మకం కుదరకపోతే మీ నాన్నగారి మారుతీ 800ను గుర్తు చేసుకోండి. ముందుకు పోతున్నంతసేపు గేర్‌బాక్స్ ఉన్నట్టే తెలియదు. రివర్స్ వేయగానే ‘గుయ్ఁ’మని వాడంతా లేచేది. ముందుకు పోయే గేర్లు ఏటవాలువి, రివర్స్ గేరు తిన్ననిది. గేర్‌బాక్స్ అదే, ఆయిల్ అదే, డ్రైవరూ ఆయనే. శబ్దం ఆయిల్లో ఉంటే రెండు వైపులా ఉండాలి, లేదా రెండు వైపులా ఉండకూడదు. మన నలుగురు వైద్యులకూ ఈ ఒక్క ప్రశ్న వేయండి. నలుగురూ చాయ్ చల్లారిపోతోందంటారు.

“మరి ఆయిల్ మార్చినంక సౌండ్ తగ్గింది కద?” అని అడిగేవాళ్లున్నారు. తగ్గింది, కాదనను. బండిలో ఒకే ఆయిల్ ఇంజిన్‌కూ, క్లచ్‌కూ, గేర్‌బాక్సుకూ చాకిరీ చేస్తుంది. దాని చిక్కదనాన్ని నిలబెట్టే పాలిమర్లను గేర్ల పళ్లు నమిలి నమిలి తుంచేస్తాయి. 50 అని పోసింది కొన్ని వేల కిలోమీటర్లకు 40 వైపు దిగజారుతుంది. పైగా మట్టం కూడా తగ్గి ఉంటుంది. ఆ నల్లటి నీళ్లు తీసేసి, సరైన మట్టానికి ఏ కొత్త ఆయిల్ పోసినా లోపలి గలగల, టాపెట్ల టకటక తగ్గుతాయి. గేరు కొంచెం మెత్తగా పడుతుంది. మనవాళ్లు పోల్చేది రెండు కంపెనీల ఆయిళ్లను కాదు, చచ్చిన ఆయిల్‌ను పుట్టిన ఆయిల్‌తో. అందుకే చిక్కదనం వైద్యుడి రోగీ లేస్తాడు, పలుచన వైద్యుడి రోగీ లేస్తాడు. గెలిచిన కీర్తి మాత్రం డబ్బా మీది రంగుకు పోతుంది.

మిగిలింది చెవి పని. లీటరుకు వెయ్యి పోసినవాడు ఇంటికి పోతూ “ఏం తేడా లేదు” అని భార్యతో అనగలడా? పుత్లీబౌలి దాటకముందే ఫోన్ తీస్తాడు. “అన్నా, మక్ఖన్ అయిపోయింది బండి!” ఆ మక్ఖన్ ఎంతో తేల్చడానికి సులువైన దారుంది. నాలుగు రకాల ఖాళీ డబ్బాలు తీసుకుని, నాలుగింట్లోనూ మెకానిక్ ఉస్తాద్ చేత ఒకే ఆయిల్ నింపించండి. నలుగురి బండ్లలో పోసి హైవే మీదికి తోలండి. సాయంత్రానికి నాలుగు రకాల మక్ఖన్ వర్ణనలు వింటారు. అన్నట్టు, హైవే మీద వందలో పోతుంటే హెల్మెట్ లోపల గాలి హోరే వంద డెసిబెళ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ హోరులో ఒకటో అరో డెసిబెల్ తేడా కనిపెట్టాననేవాడు బండి అమ్మేసి సంగీత సభల్లో తంబురా శ్రుతి చూడొచ్చు.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా మృగశిర కార్తెకు చేప మందు పంచుతారు. ఉబ్బసం ఉన్నవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి, కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టించుకుని మింగి పోతారు. మందులో ఏముందో ఇచ్చేవాళ్లు చెప్పరు. తీసుకున్నాక పథ్యం ఉంటుంది. విమర్శలు వచ్చాక దాన్ని ప్రసాదమన్నారు. మన ఆయిల్ వైద్యమూ అచ్చం అలాంటిదే. లోపలేముందో తెలియదు. “ఐదు వందల కిలోమీటర్లు పోనీ, అప్పుడు సెట్ అవుతది” అన్న పథ్యం ఉంది. సెట్ కాకపోతే తప్పు రోగిదే, పథ్యం తప్పి ఉంటాడు. తేడా ఒక్కటే: అక్కడ మందు ఉచితం, ఇక్కడ లీటరు వెయ్యి.

ఈ వరసలోనే చిన్న సీసాల వాళ్లున్నారు. ఆయిల్లో కలిపితే ఇంజిన్ అరగదు, అరవదు అని అమ్ముతారు. ఈ సినిమా అమెరికాలో ఎప్పుడో ఆడేసింది. టెఫ్లాన్ కలిపిన ‘స్లిక్ 50’ అనే సీసా ఇంజిన్ అరుగుదలను తగ్గిస్తుందని ఊదరగొడితే, ఆ ప్రకటనలకు ఆధారం లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపింది. 1997లో కంపెనీ రాజీకొచ్చి, ఆధారం లేని మాటలు ఇక చెప్పబోమని ఒప్పుకుంది. మన దగ్గర ఆ సీసాల పేర్లు మారాయి, సీసాలోని ఆశ మారలేదు.

నవ్వులాట ఇంతవరకే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. ఎవడి జేబు వాడిది, ఎవడి మక్ఖన్ వాడిది. కానీ ఈ వైద్యం బండికి హాని చేస్తుంది. లారీ వైద్యుడు మరిచిన సంగతి ఇదే: బండి క్లచ్ ప్లేట్లు ఆయిల్లో నానుతూనే పట్టు నిలుపుకోవాలి. అందుకే జపాన్ వాళ్లు జాసో అనే ప్రమాణం పెట్టి, తడి క్లచ్ బండ్లకు ఎంఏ, ఎంఏ2 అనీ, ఆ క్లచ్ లేని స్కూటర్లకు ఎంబీ అనీ వేరుచేశారు. రాపిడి తగ్గించే మసాలా ఎక్కువున్న కారు ఆయిలో, ఆ చిన్న సీసాల్లోది ఇంకేదో పోస్తే క్లచ్ జారొచ్చు. జారిందా, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. కూత పోగొట్టమంటే కేక పుట్టించడమన్న మాట. శ్రీశైలం ఘాట్‌లో భార్యాపిల్లలతో ఆగిపోయినవాడి దగ్గరికి ఆదివారం వైద్యుడు రాడు, ఫోన్ కూడా ఎత్తడు.

అంతకన్నా పెద్ద హాని ఇంకొకటుంది. కూతలన్నీ గేర్లవి కావు. ఎనభైలో పోతూ, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు క్లచ్ నొక్కి చూడండి. ఇంజిన్ స్పీడు పడిపోయినా కూత అట్లాగే ఉంటే అది ఇంజిన్‌ది కాదు. బిగుసుకున్న చైనో, గడ్డల టైరో, చక్రం బేరింగో అయి ఉంటుంది. వాటికి ఇంజిన్లో ఆయిల్ మారిస్తే, పంటినొప్పికి కాలికి కట్టు కట్టినట్టే. కొన్న నాటి నుంచీ ఒకే తీరున ఉన్న కూత బండి స్వభావం. నిన్న లేనిది ఇవాళ మొదలైతే, లేదా గరగరగా మారితే, అది బేరింగ్ పెట్టే మొర. అప్పుడు చిక్కటి ఆయిల్ పోసి దాని నోరు నొక్కాలని చూసేవాడు, చివరికి క్రాంక్‌కేస్ విప్పించి బిల్లు కడతాడు.

ఇక డబ్బా మార్చిన ప్రతిసారీ తీసిపారేసే పాత ఆయిల్ సంగతి. వెయ్యి కిలోమీటర్లకే మతం మార్చేవాళ్లున్నారు. ఇంకా వయసు మీరని ఆయిల్ రోడ్డు పక్క మోరీలోకి, అక్కడి నుంచి మూసీలోకి పోతోంది. 2016 నాటి కేంద్ర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ నుంచి తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద కూడా పెట్టారు. మూసీకి ఉన్న రోగాలు చాలవని మన బండి రోగం కూడా అంటించనక్కర్లేదు.

కాబట్టి అన్నా, తమ్మీ, భాయ్, మాట ఒకటే. మీ బండితో వచ్చిన మాన్యువల్ ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది, తీయండి. అందులో ఒక వరుసలో గ్రేడు, ఏపీఐ నాణ్యత గుర్తు, జాసో గుర్తు, ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో రాసి ఉంటుంది. ఆ గుర్తులున్న ఆయిల్ ఏ కంపెనీదైనా నమ్మకమైన షాపులో కొనండి. రాసిన కిలోమీటర్లకు మార్చండి, నెలకోసారి మట్టం చూడండి, చైన్‌కు లూబ్ పట్టించండి. మిగిలిన డబ్బుతో చెవులకు స్పాంజి ఇయర్‌ప్లగ్గులు కొనుక్కోండి. హైవే హోరు నుంచి మీ వినికిడిని కాపాడేవి అవే. ఇంత చేశాక కూడా కూత వినిపిస్తే, ఆ పళ్లు కోసిన కంపెనీతో తేల్చుకోండి. ఆయిల్ డబ్బాతో కాదు.